ఇరవై రెండు గీతలు

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో, గాలిమరలకు అనుమతిచ్చే ఆఫీసువాళ్ల నివేదిక నాలుగో పేజీ చూసినప్పుడు నాకు తెలిసింది. కిందటి వసంతంలో మా కొండ మీదుగా రోజుకు సగటున ముప్పై రెండు గద్దలు కూడా పోలేదట. సగటు నలభై దాటితే శిఖరం మీద గాలిమరలు పెట్టకూడదన్నది వాళ్లు రాసుకున్న నిబంధనే. దాటలేదు కాబట్టి పెట్టుకోవచ్చునట. ఆ సాయంత్రం ఐదింటికి ఫైలు పై ఆఫీసుకు వెళ్లిపోతుంది, ఇక దాన్ని ఆపే దిక్కు లేదు. ఆ మరల రెక్కలు తిరగబోయేది సరిగ్గా పక్షులు పోయే దారిలో.

వాళ్లు చూపించిన లెక్క మాదే. మాదంటే నాదీ, మా మేనమామదీ. నేను బట్టలు కుడతాను. ఆయన భూములు కొలిచే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. పంతొమ్మిదేళ్లుగా ప్రతి వసంతంలోనూ అరవై రోజులు ఆ కొండెక్కి, ఉత్తరానికి పోయే గద్దలనూ డేగలనూ లెక్కపెడుతున్నాం. జీతం లేదు, బత్తెం లేదు. కళ్లు ఆయనవి, వేళ్లు నావి. ఆయన బైనాక్యులర్స్‌లో చూసి "దాటింది" అంటాడు, నేను చేతిలో ఉన్న లెక్క మిషన్ నొక్కుతాను. ఇద్దరం లేనిదే లెక్క లేదు.

"దాటింది" అన్న మాట ఆయన నోట్లోంచి ఊరికే రాదు. వేడిగాలిలో గిరికీలు కొడుతూ పైకి లేచే పక్షులు వంద ఉన్నా ఆయనకు పట్టదు. మేం కూర్చునే బండ నుంచి ఎదుటి కొండ మీది మోడుచెట్టు దాకా ఒక తాడు కట్టి ఉందనుకోవాలి. దాన్ని దాటి ఉత్తరానికి పోతేనే ఒకటి. మనసు మార్చుకుని వెనక్కొస్తే ఒకటి తీసెయ్యాలి. చాదస్తం అంటే అలా ఇలా కాదు. రోజంతా కూర్చున్నా ఒక్కటీ రాకపోతే పట్టీలో సున్నా వేసి సంతకం పెడతాడు. కొండెక్కని రోజుకు గీత గీస్తాడు. సున్నా అంటే చూశాం, రాలేదు. గీత అంటే మేం చూడలేదు.

కిందటేడు గీతలు ఇరవై రెండు. ఆరు రోజులు పొగమంచు. ఐదు రోజులు నా జ్వరం, దాన్ని నేను ఆయనకూ అంటించాను. ఆఖరి పదకొండు రోజులూ మా అత్తయ్య ఆసుపత్రిలో ఉంది. పగలు ఆయన, రాత్రి నేను ఆమె దగ్గర ఉన్నాం. ఆమె ఇంటికి తిరిగి రాలేదు.

ఆ ఇరవై రెండు గీతలనూ ఆఫీసులో సున్నాలు చేసి పారేశారు. చూసిన రోజులు ముప్పై ఎనిమిది, దాటిన పక్షులు పంతొమ్మిది వందలు. అంటే రోజుకు యాభై. వీళ్లు మాత్రం అరవై రోజులతో భాగించారు. మా అత్తయ్య ఊపిరి కోసం కొట్టుకుంటున్న రోజుల్లో ఆకాశం ఖాళీగా ఉందని తేల్చారు.

మధ్యాహ్నం మూడింటికి మామయ్యను వెంటబెట్టుకుని ఆఫీసులో వాలాను. ఆ రోజుకూ పట్టీలో గీతే పడింది. అధికారి తాపీగా టీ తాగుతున్నాడు.

"గడిలో అంకె లేకపోతే కంప్యూటర్ ముందుకు పోదమ్మా. అందుకే సున్నా కొట్టించాం. ఎవరిదైనా అంతే."

"అయితే మీరు సెలవు పెట్టిన రోజుల్లో ఈ ఆఫీసుకు జనమే రాలేదని రాస్తారా సార్?"

వరండా బెంచీ మీద కూర్చున్నవాళ్లు పకపకా నవ్వారు. ఆయనకు చీమ కుట్టినట్టైనా లేదు.

"కోపం దేనికమ్మా? ఒక పని చేద్దాం. ఆ ఇరవై రెండు రోజులకూ రోజుకో యాభై వేసేద్దాం. పక్కన పెద్దాయన సంతకం పెడితే చాలు. మీ పనీ అయిపోతుంది, నా పనీ అయిపోతుంది."

నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. ఎలాగూ సగటు యాభైయే కదా. పెన్ను తీసి మామయ్య చేతికిచ్చాను. ఆయన దాన్ని బల్ల మీద పెట్టేశాడు.

"చూడని రోజులకు యాభై ఎలా రాస్తానే?"

"ఒక్క సంతకం మామయ్యా! పంతానికి ఇదా సమయం? పక్షులు ముక్కలైపోయాక నీ నిజాయితీని ఏం చేసుకుంటాం?"

ఆయన మీద అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి. ఆయన నా వైపు చూడలేదు. నివేదికలోని చివరి పదకొండు సున్నాల మీద వేలు పెట్టాడు.

"ఈ పదకొండు రోజులూ నేను ఆసుపత్రిలో ఉన్నాను బాబూ. మూడో అంతస్తు. మంచం కిటికీ వైపు తిప్పించమంది మా ఆవిడ. గద్దలు పోతూనే ఉన్నాయి. తనే లెక్కపెట్టేది. ఆఖరి రోజు ఇరవై ఏడు అంది. నేనూ చూశాను, ఇరవై ఏడే. ఇంటికెళ్లి పట్టీ తీసి గీతే గీశాను. బండ మీంచి చూసింది కాదుగా." వేలు తియ్యకుండానే అధికారి వైపు చూశాడు. "కళ్లారా చూసిందే నేను రాసుకోలేదే. మీరు చూడకుండా సున్నా ఎలా రాశారు?"

ఆ ఇరవై ఏడు సంగతి నాకూ తెలియదు. నా అరుపు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. బెంచీ మీద ఎవరూ నవ్వలేదు.

అధికారి గోడ గడియారం చూశాడు, టీ గ్లాసు పక్కకు జరిపాడు, టైపిస్టును పిలిచాడు. గీతలున్న రోజులు తీసేసి మళ్లీ కొట్టమన్నాడు. నాలుగూ నలభైకి కొత్త కాగితం వచ్చింది. చూసిన రోజులు ముప్పై ఎనిమిది, సగటు యాభై, శిఖరం మీద మరలకు వీల్లేదు. తప్పు జరిగిందని మాత్రం ఒక్క మాట అనలేదు. పక్కన "సాంకేతిక సవరణ" అని రాసుకున్నాడు. ఆ రెండు ముక్కలు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మర్నాడు పొద్దున ఏడింటికల్లా బండ మీద ఉన్నాం. ఎదురుగాలి. రెండు గద్దలు మోడుచెట్టు దాకా వచ్చి, గిరికీలు కొట్టి, వెనక్కి తిరిగిపోయాయి. ఒకటైనా వేద్దామా అని అడగబోయి నోరు మూసుకున్నాను. నాలుగింటికి మామయ్య పట్టీ తీసి సున్నా వేసి, సంతకం పెట్టి, నన్నూ పెట్టమన్నాడు. పెట్టాను.

ఒక్క సున్నాకు మాకు తొమ్మిది గంటలు పట్టింది. ఆఫీసులో ఇరవై రెండు కొట్టడానికి ఎంతసేపు పట్టిందో అడగడం మర్చిపోయాను.