జూన్ నెల సూర్యుడి కొలత

కొండల మీది అయవీరి ఊళ్లో సంత మైకుకు ఏడాది పొడవునా జలుబే. జూన్ ఇరవై నాలుగున, అక్కడి నడి చలికాలంలో వచ్చే సూర్యుడి పండుగ నాడు, “బడి మేడ మీద సూర్యుడి జ్వాలలు చూపిస్తారు, రండి” అని అది చాటితే సంతలో సగంమందికి ‘సూర్యుడి జ్వరాలు’ అని వినబడింది. దేవుడికి ఒళ్లు కాలిపోతోందంటే ఊరుకుంటారా? పదింటికల్లా మేడమెట్లు నిండిపోయాయి. ఆకుమందులమ్మే దోన్య దియోనిసియా జ్వరానికి కాచి తాగించే మూన్యా ఆకు గుప్పెడు, ఫ్లాస్కు నిండా వేన్నీళ్లు పట్టుకుని మరీ ఎక్కింది. సైన్సు టీచరు ఫోర్తునాతా నవ్వాపుకుని, జ్వరం కాదవ్వా, జ్వాల అని సర్దిచెప్పింది. జ్వరం తగ్గింది గానీ జనం తగ్గలేదు. ఆమె ఆశా అదే, భయమూ అదే.

ఎందుకంటే ఆ జ్వాలలను ఇంతవరకు చూసింది ఆమె ఒక్కతే. జనవరి సెలవుల్లో, వానల మధ్య మబ్బు తెరిపిచ్చిన ఒక్క పావుగంట. తర్వాత లిమా స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చిన, జ్వాలలను చూపే ఎర్ర గాజుబిళ్లను తిరిగి పంపేసింది. అది మళ్లీ బస్సెక్కి వచ్చింది నిన్న సాయంత్రమే. ఈ లోపల ఊళ్లో ఆమె మాట వేళాకోళమైపోయింది. చూపించలేకపోతే ఆమె పరికరం పెట్టుకున్న మేడగదిని బ్యాండు డోళ్లకిచ్చేస్తానని హెడ్మాస్టరు బల్దొమేరో తేల్చేశాడు.

పరికరం ఆమె బుర్రలోంచి పుట్టింది. నిలువెత్తు గొట్టం, ముందు కటకం. లోపల సూర్యబింబం మొక్కజొన్న గింజంతై పడేచోట, మొన వెలుగువైపు తిరిగిన ఇత్తడి శంకువు. అది బింబాన్ని సరిగ్గా కప్పి, కళ్లు మాడ్చే వెలుగును పక్కలకు చిమ్మేస్తుంది. అంచు దాటి లేచినవే ఎర్ర గాజులోంచి కంటికి చేరతాయి. గ్రహణంలో చంద్రుడు చేసే చాకిరీ ఇక్కడ ఇత్తడి చేస్తుంది. బస్సు ఇరుసులు తిప్పే లేత్ మీద దాన్ని కోసినవాడు మేస్త్రీ సెనోబియో. నా శంకువు మీద శంక వద్దు, కొలిచి కోశానని అందరికీ చెప్పుకునేవాడు.

ముందు హెడ్మాస్టరు కన్ను పెట్టాడు. చాలాసేపు చూశాడు.

“రాత్రిని చూడ్డానికి పట్టపగలు రమ్మన్నావా టీచరమ్మా?”

ఫోర్తునాతా చూసింది. నలుపు. గొట్టం కదిపింది, కటకం తుడిచింది, బింబాన్ని నడిమికి తెచ్చింది. నలుపే. సెనోబియో ముఖం ఇత్తడి రంగుకు తిరిగింది. వరసలో తర్వాతిది దియోనిసియా. ఆమె చూసి టోపీ సర్దుకుంది.

“ఆ ఇత్తడి మూత పెద్దదైంది బిడ్డా.”

“జనవరిలో సరిపోయింది కదవ్వా.”

“జనవరిలో సూర్యుడాయన దగ్గరుంటాడు. ఇప్పుడు దూరం పోయాడు. అందుకేగా ఈ పండక్కి మంటలేసి వెనక్కి పిలిచేది? దూరం పోయినోడు చిన్నగా కనబడడా?”

ఫోర్తునాతా నోట్లో పాఠం సిద్ధంగా ఉంది. చలికాలానికి కారణం భూమి వాలు, సూర్యుడి దూరం కాదు. పంతొమ్మిదేళ్లుగా చెబుతున్న పాఠం. అది నిజమే. కానీ అదే పుస్తకం చివరి పట్టికలో, ఏడాది మొత్తంలో సూర్యుడు అన్నిటికంటే దూరంగా ఉండేది జులై మొదట్లోనే అని కూడా ఉంది. పిల్లలు తికమకపడతారని ఏటా ఆ వరుస దాటేసేది. దాటేసి దాటేసి తనే మరిచిపోయింది.

ఫోర్తునాతా శంకువు విప్పింది. దాని చోట పల్చటి కాగితం పెట్టి బింబాన్ని కొలిచింది. శంకువు కంటే నాలుగైదు వెంట్రుకల మందం తక్కువ. ఆ పిసరంత అంచు కింద రెండేసి భూములు ఒకదాని మీద ఒకటి దాక్కుంటాయి, ఇక జ్వాలలు దాక్కోవడమెంత?

సెనోబియో శంకువును జేబులో వేసుకుని, మెట్లమీది జనాన్ని తోసుకుంటూ లేత్ దగ్గరికి పోయాడు. ఊరేగింపు రెండింటికి, అప్పటిదాకానే గడువు అన్నాడు హెడ్మాస్టరు. జనం మేడ మీదే చతికిలబడి వేయించిన మొక్కజొన్న నములుతూ, దియోనిసియా మూన్యా నీళ్లు తాగుతూ కాచుకున్నారు. రోగి తాగాల్సింది పరామర్శకు వచ్చినవాళ్లు తాగేశారు.

ఒకటిన్నరకు శంకువు పిసరు తగ్గి తిరిగొచ్చింది. మొదట దియోనిసియానే చూడమంది ఫోర్తునాతా. అవ్వ కన్ను పెట్టింది. మెల్లగా టోపీ తీసి గుండెలకు హత్తుకుంది.

అప్పుడు ఫోర్తునాతా చూసింది. నల్లటి గుండ్రం చుట్టూ ఎర్రటి దారం. దారం మీద ఒకచోట గాలికి ఒరిగిన గడ్డిలా చిన్న మంటలు. ఇంకోచోట రెండు కాళ్ల మీద నిలిచిన వంతెన, దాని కింద నుంచి మన భూమి తల వంచకుండా దూరిపోగలదు. కదలనట్టే ఉంది. పది నిమిషాల తర్వాత చూస్తే వంతెనకు ఒక కాలే మిగిలింది.

హెడ్మాస్టరు చూసి పక్కకు తప్పుకున్నాడు, మేడగది తాళంచెవి ఫోర్తునాతా చేతిలో పెట్టి, మళ్లీ వెళ్లి వరస చివర నిలబడ్డాడు. ఊరేగింపు అరగంట ఆలస్యమైంది.

“అయితే నెలకో శంకువు కోయాలన్నమాట” అన్నాడు సెనోబియో. జనవరిలో తన కొలత తప్పిందా అన్న బెంగ ఇంకా అతని గొంతులో ఉంది.

ఫోర్తునాతా పిట్టగోడ మీదికి ఒంగి, కింద నిలబడ్డవాళ్లకు కూడా వినబడేలా చెప్పింది.

“మేస్త్రీ కొలతలో తప్పు లేదు. జనవరిలో సూర్యుడు ముప్పై పాళ్లు కనబడితే ఇవాళ ఇరవై తొమ్మిదే. చలి అందువల్ల రాదు, కానీ ఆయన దూరం పోయిన మాట నిజం. మీ పిల్లలకు నేను సగమే చెప్పాను. మిగతా సగం దోన్య దియోనిసియా చెప్పింది.”