లావెల్ వదిలేసిన మాట

మా వ్యానులో ముగ్గురం. మైకు పట్టుకుని ముందు నిలబడి ర్యాప్ చెప్పేది డెమారియస్. పక్కన వంత అందుకునేది అతని పెద్దమ్మ కొడుకు లావెల్. వెనక బల్ల దగ్గర రికార్డులు తిప్పే డీజేని నేను, రెనీటాని. మెంఫిస్‌లో బయల్దేరి, అమెరికా దక్షిణాదిలో పిలిచిన ప్రతి ఊరికీ వెళ్ళాం. బార్లలో పాడాం, కార్లు నిలిపే ఖాళీ స్థలాల్లో పాడాం, ఒకసారి చేపల వేపుళ్ళ కొట్టు ప్రారంభోత్సవంలో కూడా పాడాం. మమ్మల్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. ముగ్గురినీ సమానంగా పట్టించుకోలేదు గనక మాలో మాకు గొడవల్లేవు.

లిటిల్ రాక్ అనే ఊళ్ళో పాట మధ్యలో కరెంటు పోయింది. డెమారియస్ ఆగకుండా చీకట్లోనే, మేం వంటింటి పాట అని పిలుచుకునే పాట అందుకున్నాడు. ఎవరో అమ్మాయి ఫోన్ లైటు వేసి వీడియో తీసి నెట్‌లో పెట్టింది. రెండ్రోజులు తిరక్కుండా దేశమంతా చూసేసింది. అందులో డెమారియస్ ఉన్నాడు. లావెల్ మోచెయ్యి ఉంది. నేను అస్సలు లేను.

అప్పట్నుంచి లావెల్ మనసు మనసులో లేదు. ఎలా ఉంటుంది? డెమారియస్‌కి ర్యాప్ నేర్పిందే అతను. పైగా డెమారియస్‌కి చిన్నప్పట్నుంచీ ఆయాసం. పొడుగు చరణం చివరికొచ్చేసరికి ఊపిరి అందదు. ఆ చివరి మాట ప్రతిసారీ లావెల్ అనేస్తాడు, ఈలోగా తమ్ముడు గాలి పీల్చుకుంటాడు. వినేవాళ్ళకి తేడా తెలియదు. అసలు ఆ వంటింటి పాట లావెల్ వాళ్ళమ్మ గురించే. "మా పెద్దమ్మ వంటింట్లో దీపం ఆరదు, మేమొచ్చేదాకా!" ఆ "మేమొచ్చేదాకా" లావెల్‌ది.

ఇక విలేఖరులు ఎగబడ్డారు. ఒక పత్రిక లావెల్‌ని "సామాన్లు మోసే బంధువు" అని రాసింది. ఒక రేడియో స్టేషన్లో డెమారియస్‌ని లోపలికి తీసుకెళ్ళి, మా ఇద్దర్నీ కాఫీ మిషన్ దగ్గర కూర్చోబెట్టారు. టీవీ వాళ్ళైతే లావెల్ చేతికి లైటు స్టాండు ఇచ్చి, "కొంచెం పట్టుకోండి సార్, ఆయన మొహం మీద నీడ పడుతోంది" అన్నారు. పట్టుకున్నాడు. నాకు నవ్వాగలేదు. అతను నా మొహం చూడకుండా రెండు రోజులు వ్యాను నడిపాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం మెంఫిస్‌లో, నది ఒడ్డున పెద్ద కచేరీ. టీవీలో ప్రత్యక్ష ప్రసారం. వేదిక వెనక లావెల్ నిప్పుల మీద కాల్చిన పక్కటెముకల మాంసం ప్లేటు ముందు పెట్టుకుని, ముట్టుకోకుండా కూర్చున్నాడు.

"ఏంటి, తినవా? అవి నిన్నేమైనా కరుస్తాయా?" అన్నాను.

"ఇవాళ నేను నోరు తెరవను రెనీటా."

"తినడానికా?"

"వంటింటి పాటలో. వాడి ఊపిరి ఆగే చోట మైకు దించేస్తా. ఎవరి ఊపిరితో పాడుతున్నాడో ఊరంతా చూడనీ."

"మతి గానీ పోయిందా నీకు? టీవీలో వాడి పరువు పోతుంది!"

"కాఫీ మిషన్ దగ్గర నా పరువు పోలా? అప్పుడు నువ్వేం చేశావ్? ఇంకో కప్పు పట్టుకున్నావ్!"

వెళ్ళి డెమారియస్‌కి చెబుదామనే లేచాను. అతను మేకప్ వేయించుకుంటూ కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నా అడుగుల చప్పుడు విని, "అక్కా, కాసిని నీళ్ళు తెచ్చిపెడతావా?" అన్నాడు, కళ్ళైనా తెరవకుండా. నాకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళిచ్చాను. చెప్పలేదు.

వంటింటి పాట మొదలైంది. ఆ చివరి మాట దగ్గర నేను సంగీతం ఆపేస్తాను, మాట ఒక్కటే వినపడాలని. ఎప్పటిలాగే ఆపాను. "దీపం ఆరదు..." అని డెమారియస్ ఊపిరి కోసం పక్కకి తిరిగాడు. లావెల్ మైకు దించేశాడు. డెమారియస్ నోరు తెరుచుకుంది, మాట రాలేదు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. వాడి కళ్ళల్లో భయం. లావెల్ అంత పని చేసేస్తాడని నేను నిజంగా అనుకోలేదు.

"మేమొచ్చేదాకా!"

అన్నది జనం. నది ఒడ్డు మొత్తం అంది. చంకలో పిల్లల్ని వేసుకున్న తల్లులు, మడత కుర్చీల్లో ముసలమ్మలు, కాపలా పోలీసులు కూడా అన్నారు. ఆ వీడియో చూసీ చూసీ అందరికీ నోటికొచ్చేసింది మరి. డెమారియస్ తీరిగ్గా గాలి పీల్చుకుని తర్వాతి చరణంలోకి వెళ్ళిపోయాడు. లావెల్ దించిన మైకుతో అలాగే నిలబడిపోయాడు.

పాట అయిపోయి కిందికి దిగగానే డెమారియస్ పరిగెత్తుకొచ్చి అతన్ని వాటేసుకున్నాడు.

"ఏం బుర్ర అన్నా నీది! జనానికి వదిలేశావ్! ముందు ఒక్క ముక్క చెప్పొచ్చుగా, ప్రాణం పోయినంత పనైంది నాకు!"

టీవీ ఆవిడ డెమారియస్‌ని దాటుకుని వచ్చి లావెల్ ముందు మైకు పెట్టింది. "ఆ మౌనం అద్భుతం సార్. మీ ఆలోచనేనా?"

లావెల్ నా వైపు చూశాడు. నేను తల దించుకుని వైర్లు చుట్టుకున్నాను.

"అవును," అన్నాడు. "నాదే."

సాయంత్రం వార్తల్లో అతన్ని చూపించారు. కింద పేరు కూడా తప్పుల్లేకుండా వేశారు. వాళ్ళమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. లావెల్ ఆ ముక్క నాలుగుసార్లు పెట్టుకుని చూశాడు. నాకు కడుపు మండింది, దాచడం దేనికి.

తర్వాతి కచేరీ నాష్‌విల్‌లో. వంటింటి పాటలో ఆ చోటు రాగానే సంగీతం ఆపాను. లావెల్ మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. డెమారియస్ నవ్వుతూ ఆ మైకు మీద చెయ్యి వేసి, మెల్లగా కిందికి దించి, జనం వైపు చూపించాడు. జనం అందుకున్నారు.

వేదిక దిగుతూ డెమారియస్ లావెల్ భుజం మీద చెయ్యి వేశాడు. "చూశావా, ఎంత బాగా కుదిరిందో! ఇక మిగతా పాటల్లో కూడా ఇలాగే చేద్దాం అన్నా. నీ ఆలోచనే కదా!"