మూడో స్థానం పాట, నా మోకాలి సాక్ష్యం

ఇటు రా హరిణీ, తలుపు దగ్గర నిలబడితే నా మాట సగం మెట్లు దిగిపోతుంది. వచ్చి ఈ మంచం మీద కూర్చో. కింద హాస్టల్లో చేరి నాలుగు రోజులు కాలేదు, గురువారం సాయంత్రం ఈ ముసలమ్మలందరూ దిండ్లు పట్టుకుని మా ఇంటికి ఎందుకు వస్తారని అప్పుడే అడిగేశావు. చెబుతాను విను. మధురానగర్‌లో ఈ సంగతి ఇప్పటికే రకరకాలుగా తిరుగుతోంది. అసలుది నా దగ్గరే ఉంది, ఎందుకంటే మోకాలు నాది.

మా మనవరాలు ఫెయిత్‌ను చూశావు కదా, జుట్టు ఒక పక్క గొరిగించుకున్న పిల్ల. పంజాగుట్టలో ఆఫీసు. దానికి ఎలక్ట్రానిక్ సంగీతం పిచ్చి. అందులో పాడేవాళ్లు ఉండరు, వాయించేవాళ్లు ఉండరు, అంతా కంప్యూటర్లో వండుతారట. ఏయే దేశాలవాళ్లో ఏడాది పొడుగునా విడుదల చేస్తుంటే ఇది ఏడాది పొడుగునా వింటుంది. డిసెంబరు రాగానే బాగా నచ్చినవి ఏరి, ఒకటో స్థానం, రెండో స్థానం అని వరస పెట్టి ఫోనులో లోకానికి చాటుతుంది. పోయిన డిసెంబరులో ఆ ఒకటో స్థానం తేల్చడానికి ఇది పడినన్ని నొప్పులు, దీన్ని కనడానికి మా కోడలు కూడా పడలేదు.

వినడానికి రెండు పెద్ద స్పీకర్లు తెచ్చుకుంది. ఒకటి నా తలవైపు, ఒకటి కాళ్లవైపు పెట్టింది. ఇద్దరికీ కలిపి ఉన్నది ఈ ఒక్క గదే కాబట్టి దానితోపాటు ఏడాదంతా నేనూ విన్నాను.

ఒకటి ఉండేది, పాడైన ఫ్రిజ్ పక్కన కూర్చుని ఎవరో ముక్కు చీదుతున్నట్టు. "దీంట్ల ఏముందే?" అంటే, "స్పేస్ నాయనమ్మా, ఎంత స్పేస్ ఉందో చూడు" అనేది. మనింట్లో లేనిది అదే కదా, వినుకోనీలే అని ఊరుకున్నాను. ఇంకొకటి మొదలుపెడితే, పప్పు ఉడికి తాలింపు పడేదాకా అందులో ఏమీ జరగదు. అప్పుడు ఒక్కసారి టక్ మంటుంది. ఆ టక్ కోసం ఫెయిత్ కళ్లు మూసుకుని కూర్చునేది. దానికే ఒకటో స్థానం ఇచ్చింది.

మూడో స్థానం మాత్రం మన ఊరిది. ఎవరో కుర్రాడు సనత్‌నగర్ కార్ఖానాల్లో మిషన్ల చప్పుళ్లు పట్టుకుని కట్టాడు. 'రెండో షిఫ్టు' దాని పేరు. మా ఆయన అక్కడే ప్రెస్సు మిషను మీద పనిచేశాడు. నేను అన్నం క్యారియర్ పట్టుకుని గేటు దగ్గర నిలబడితే ఆ దెబ్బలు నేలలోంచి నా పాదాల్లోకి ఎక్కేవి. "గిది పాటైతే మీ తాత నౌకరీ అంతా కచేరీయేనే" అన్నాను. అది నవ్వింది. కానీ ఆ పాట నడిచినప్పుడల్లా కాళ్లవైపు స్పీకరు దడదడలాడి, ఆ అదురు నా కుడి మోకాల్లోకి దూరేది. ఏ మందుకూ ఊరుకోని మోకాలు అప్పుడు ఊరుకునేది.

ఇక మా కొడుకు దయారత్నం, ఫెయిత్ తండ్రి. సంఘ పెద్ద. చర్చిలో చాపలు వంకరగా పరిచినా వాడికి పరలోకం కదిలినట్టే. డిసెంబరులో ఒకరోజు గుమ్మంలో నిలబడి, "కొత్త సంవత్సరం లోపల ఈ డబ్బాలు ఇంట్ల నుంచి పోవాలె. కామరాజుకు మాటిచ్చిన" అన్నాడు. కామరాజుది అమీర్‌పేటలో టెంట్‌హౌస్, పెళ్లిళ్లకు మైకులు, స్పీకర్లు అద్దెకిస్తాడు.

"ఎందుకు నాన్నా?"

"మాటల్లేని పాటల ఎవరిని స్తుతిస్తున్నట్టు?"

"పొద్దున నువ్వు ఈల వేస్తవు గదా, అండ్ల మాటలున్నయా?"

"అది స్నానం."

ఫెయిత్ గట్టిగా మాట్లాడే పిల్ల, ఆ రోజు మెల్లగా మాట్లాడింది. "డబ్బాలు పోతే నేను సుత పోత. కింద హాస్టల్ల బెడ్ ఖాళీ ఉంది" అంది. ఇది కిందికి పోతే, ఈ గదిలో నేనూ నా మోకాలూ ఒకరి ముఖం ఒకరం చూసుకుంటూ ఉండాలి.

నీకు మా పద్ధతి ఒకటి చెప్పాలి. ఏడాది చివర ఎవరో ఒకరింట్లో కృతజ్ఞత కూటం పెడతాం. ఒక్కొక్కరు లేచి ఆ ఏడు దేవుడు చేసిన మేలు చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటాం. అది అయ్యాక అందరూ స్తోత్రం అనాలి, ఎదురు ప్రశ్న వేయకూడదు. ఒకాయన తన స్కూటరు పెట్రోలు చుక్క లేకుండా సోమాజిగూడ నుంచి ఇంటిదాకా వచ్చిందన్నాడు. దానికీ స్తోత్రం అన్నాం.

ఆసారి కూటం మా ఇంట్లోనే. స్పీకర్ల మీద దుప్పటి కప్పి, కేకు పళ్లాలు పెట్టాడు దయారత్నం. ఒకరు పిల్లాడి ఉద్యోగం చెప్పారు, ఒకరు పిత్తాశయంలో రాళ్లు చెప్పారు. ఫెయిత్ వంతు వచ్చింది.

"ఈ ఏడు మస్తు మంచి పాటలు వచ్చినయి. వాటికి నేను దేవునికి థాంక్స్ చెప్తున్న" అని, కింది స్థానం నుంచి ఒక్కొక్కటే చెప్పుకుంటూ వచ్చింది.

పక్కింటి సత్తెమ్మ నా చెవిలో, "గివన్నీ ఎవరు పాడిండ్రు?" అంది.

"ఎవ్వరు పాడలే."

"మరి దండలెవరికి ఏసిండ్రు?"

అప్పటికే దయారత్నం మెడ ఎర్రబడింది. "ఫెయిత్, కూర్చో. గిది సాక్ష్యం కాదు" అన్నాడు. నాలుగో స్థానం దగ్గరే పిల్ల ఆగిపోయింది. కూర్చుని దుప్పటి కొసను వేలికి చుట్టుకుంటూ తల వంచుకుంది.

నేను గోడ పట్టుకుని లేచాను. "నాది సుత ఒకటుంది. మూడో స్థానం పాట నడుస్తుంటే నా మోకాలి నొప్పి పక్కకు పోయి కూసుంటది. ఆ పూట నేనే వంటింట్లకు పోయి చాయ్ పెట్టుకుంట. గా మేలు చేసిన దేవునికి, గా డబ్బాలకు వందనాలు."

"అమ్మా, గా డబ్బాలు..." అన్నాడు దయారత్నం.

అయ్యగారు, అంటే మా పాస్టరు, చెయ్యెత్తారు. "దయారత్నంగారూ, సాక్ష్యం నడుస్తోంది కదండీ. మధ్యలో మాట్లాడకూడదు."

అందరూ స్తోత్రం అన్నారు. అని, సంఘ పెద్ద కోసం చూశారు. వాడు నా వంక చూశాడు, దుప్పటి వంక చూశాడు, నీళ్లు లేకుండా మాత్ర మింగినట్టు స్తోత్రం అన్నాడు.

సత్తెమ్మ ఊరుకుంటుందా? "బిడ్డా, జర పెట్టు. నా నడుము సుత చూస్తది" అంది. కేకు పళ్లాలు నేల మీదికి దిగాయి. దుప్పటి తీశారు. ఫెయిత్ 'రెండో షిఫ్టు' పెట్టింది. సత్తెమ్మ స్పీకరుకు నడుము ఆనించి, "అయ్యో, లోపటికి పోతున్నది" అంది. తర్వాత పాస్టరమ్మ ఆనుకుంది. కాసేపటికి కళ్లు తెరిచి, "ఏవండీ, మీరూ ఒకసారి రండి" అని అయ్యగారిని పిలిచింది. ఆయన బైబిలు చంకలోంచి తీయకుండానే వచ్చి నడుము ఆనించారు.

రెండు రోజులకు కామరాజు ఆటో ట్రాలీ తెచ్చాడు. దయారత్నం మెట్ల మీద నిలబడి, "ఇప్పుడు ఇయ్యలేను భాయ్. సంఘం ఒప్పుకుంటలేదు" అని పంపేశాడు. అదే చోట నిలబడి చాలాసేపు మెడ రుద్దుకున్నాడు. వాడికీ నొప్పి ఉందిలే, అడగడానికి మొహం చెల్లదు.

ఆ రోజు నుంచి గురువారాలు ఇట్లా నడుస్తున్నాయి, కింద దిండ్లేసుకుని అందరూ స్పీకర్లకు నడుములు ఆనిస్తారు. మూడోదాన్ని ఒకటో స్థానానికి ఎక్కించమని మా ఆడవాళ్లంతా ఫెయిత్ మీద పడ్డారు. అది కదలలేదు. "మీ నడుములకు మీరు మార్కులేసుకోండి అత్తమ్మా. నా లిస్టుల అది మూడోదే" అంది. పంతానికి తన ఒకటో స్థానం పాట కూడా వాళ్లకు వినిపిస్తుంది. ఇప్పుడు ఆ టక్ కోసం పాస్టరమ్మ కూడా కళ్లు మూసుకుని కూర్చుంటోంది.

సరే, నువ్వు కిందికి వెళ్లాక హాస్టల్ పిల్లలు అడుగుతారు. ఇది ఇలాగే గుర్తుపెట్టుకుని చెప్పు తల్లీ. నేను లేచి పరుగెత్తానని సోమాజిగూడలో చెప్పుకుంటున్నారట. నేను పరుగెత్తలేదు, చాయ్ పెట్టుకున్నాను. పాట ఆగితే నొప్పి మళ్లీ వస్తుంది, అదీ చెప్పు. ఇంకొకటి, మూడో స్థానం అనే చెప్పు. ఒకటోది అన్నావంటే ఫెయిత్ మెట్లు దిగి నీ దగ్గరికే వస్తుంది.