ఆదివారాలు నేసిన జెండాలు

"రేపే జగిత్యాల మీటింగు. గీ జెండాలన్నీ కొత్త పార్టీ రంగుల ముంచుండ్రి," అంటూ నర్సింగరావు జీపులోంచి మూటలు కిందికి తోయించాడు.

సిరిసిల్ల అద్దకం షెడ్డులో ఆడవాళ్లు ఆ మూటలను గుర్తుపట్టారు. తెలంగాణ కోసమే పార్టీ పెట్టామని ఈ నర్సింగరావే చెప్తే, సెలవు రోజని చూడకుండా ఎనిమిది ఆదివారాలు ఊరికే పనిచేశారు. మగవాళ్లు సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి గుడ్డ నేశారు, ఆడవాళ్లు కండెలు చుట్టారు, అంచులు కుట్టారు. ఆ పార్టీ ఇప్పుడు లేదు. ఏడాది తిరక్కుండానే సర్కారు పార్టీలో కలిసిపోయింది. ఆఫీసు గోడల సున్నమైనా మాయలేదు.

జమున ఒక జెండా విప్పింది. ఇలాంటిదే తాసీల్దారు ఆఫీసు మీద ఎగరేసినందుకు ఆమె భర్త జలపతి నలభై రోజులుగా జైల్లో ఉన్నాడు. ఎగరేయమన్నది నర్సింగరావు. కేసు పెట్టించింది ఇప్పుడాయన చేరిన పార్టీ.

"సారూ, మా ఆయన సంగతేంది?"

"ముందు గీ పని కానియ్యి. మినిస్టరుకు ఒక్క మాట జెప్త. ఎల్లుండి ఇంట్ల ఉంటడు."

రంగు మాస్టర్ సలావుద్దీన్ కాగుతున్న గంగాళం ముందు కర్ర పట్టుకుని ఆగాడు. ముంచితే మొగుడొస్తాడు. అంత సులువు.

"ముంచు బిడ్డా," అంది ముసలి లస్మవ్వ. "మేమేం అనుకోం."

"అచ్చినంక ఆయన మొకం ఎట్ల జూడాలె అవ్వా?" జమున జెండా మడిచి నర్సింగరావు వైపు తిరిగింది. "ముంచం సారూ. మా ఆదివారాలు మాకిచ్చెయ్యి."

"పోలీసులను పిలువాల్నా?"

"పిలువు. నీ కొత్త దోస్తులే గద," అంది లస్మవ్వ.

సలావుద్దీన్ బకెట్ నీళ్లు పొయ్యిలో కుమ్మరించాడు. కబురు తెలిసి వెనక గల్లీలో ఒక సాంచా ఆగింది. పక్కది ఆగింది. సాయంత్రానికి సిరిసిల్లలో సాంచాల టకటకలు పోయి మనుషుల కేకలు మిగిలాయి.

పోలీసులు జమునను వ్యానెక్కించారు. అప్పుడే ఆమె ఫోను మోగింది. కోరుట్లలో బీడీలు చేసే చెల్లెలు శైలజ.

"అక్కా, మీటింగుకని నర్సింగరావు రేప్పొద్దుగాల లారీలు పంపుతడట. మా బీడీలోళ్లం ఎక్కనే ఎక్కం అని జెప్పినం."

"ఎక్కుండ్రి!" జమున కిటికీ జాలీ పట్టుకుని గల్లీకంతా వినపడేలా అరిచింది. "డీజిలు ఆయనదే గద! ముందు వరుసల కూసోండ్రి. మైకు పట్టంగనే లేసి అడుగుండ్రి. పార్టీనైతే కలిపినవ్, జైళ్ల ఉన్నోళ్లను యాడ కలిపినవ్?"

"యాడ కలిపినవ్?" గల్లీ మొత్తం అందుకుంది.

డ్రైవరు హారన్ కొట్టాడు. వ్యాను కదల్లేదు. చక్రాల ముందు లస్మవ్వ కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమె పక్కన చోటు కోసం ఆడవాళ్లు తోసుకుంటున్నారు.