గోధుమ రంగు చార

కట్టుడు పళ్ళ నమూనాలు వరసగా గుచ్చిన పట్టీ పట్టుకుని, పళ్ళ డాక్టరమ్మ, తిరుపతమ్మ కూర్చున్న కుర్చీని కిటికీ వెలుతురులోకి జరిపింది. ఒక్కొక్కటే ఆమె ముందుపళ్ళ పక్కన ఆనించి రంగు చూడసాగింది. గనిలో ఫోర్‌మన్‌గా చేస్తున్న భర్త రామనర్సయ్య వెనకాల నిలబడి, "అన్నిట్ల తెల్లది పెట్టుండ్రి మేడమ్" అన్నాడు.

"పక్క పళ్ళతో కలవాలి కదండీ."

"అవేం పళ్ళు? అన్నీ చారలే."

చారలు నిజమే. మర్రిగూడ దగ్గరి పల్లెలో ఫ్లోరైడ్ ఉన్న బావినీళ్ళు తాగి పెరిగిన తిరుపతమ్మకూ, అక్కకూ, అమ్మకూ ముందుపళ్ళ మీద గోధుమ రంగు చారలున్నాయి. అక్కడ వాటిని ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళయి ఈ గని కాలనీకి వచ్చాకే అవి తప్పయిపోయాయి. 'ఆఫీసర్ల ముంగట పళ్ళు ఇకిలించకు', 'ఫోటోల పెదాలు మూసుకో.' ఇరవై రెండేళ్ళు అలాగే మూసుకుంది. ఇప్పుడు కట్టించుకోవడానికి వచ్చిన ముందుపన్ను ఊడిపోయింది కూడా ఆ ఇంటి చాకిరీలోనే. అత్త స్నానానికి వేడినీళ్ళ బకెట్ మోసుకెళ్తూ జారి, గడపకు మూతి కొట్టుకుంది. నోట్లోంచి నెత్తురు కారుతుంటే అత్త, "నీళ్ళన్నీ పారబోసినవా? నా తానం ఎట్ల మరి?" అంది. రామనర్సయ్య టీవీ ముందునుంచి లేవలేదు. నోట్లో గుడ్డ కుక్కుకుని ఆమే మళ్ళీ నీళ్ళు కాచింది. పన్ను ఊడిన నొప్పి మరిచిపోయింది గానీ, మళ్ళీ నీళ్ళు కాచిన తన చేతుల మీద కోపం ఇప్పటికీ చల్లారలేదు.

"ఫోన్ల నేను చెప్పినట్టే కానియ్యుండ్రి మేడమ్. పక్క మూడు పళ్ళు కూడా అరగదీసి తెల్ల క్యాపులు తొడగుండ్రి. వచ్చే నెల పెద్దసారింట్ల ఫంక్షన్ ఉంది."

"మీకు చెప్పారు కదమ్మా?" డాక్టరమ్మ అడిగింది.

ఎవరూ చెప్పలేదు. ఒప్పుకోలు కాగితం మీద అతని సంతకం అప్పటికే ఉంది.

"గట్టిగున్న పళ్ళనా అరగదీసేది?"

"ఏంగాదు, మత్తిస్తరు. నోరు తెరువు" అన్నాడతను.

సూది దగ్గరికి రాగానే తిరుపతమ్మ డాక్టరమ్మ మణికట్టు పట్టుకుంది.

"నా పళ్ళు ముట్టొద్దు. పోయినదాని జాగాల ఒక్కటి పెట్టుండ్రి. దానికి కూడా ఈ చార వేయించుండ్రి."

"కొత్త పన్నుకు మచ్చ పెట్టించుకుంటవా? పిచ్చి లేసిందా ఏంది?"

"మా అమ్మ పళ్ళకున్నదే ఇది. మచ్చ అని పేరు పెట్టింది నువ్వు."

"నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తవా? లే, ఇంటికి నడు."

"పని కాలేదు. నువ్వు బయట కూసో."

రామనర్సయ్య డాక్టరమ్మ వైపు చూశాడు. ఆమె సూది పళ్ళెంలో పెట్టేసి, అతని సంతకమున్న కాగితాన్ని నిలువునా చింపింది. "మీరు బయట కూర్చోండి" అంది. అతను తలుపు విసురుగా వేసి వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ కొత్త కాగితం మీద పన్ను బొమ్మ గీసింది. రంగు పెన్సిల్‌తో దాని మీద సన్నటి గోధుమ రంగు గీత గీసి, "ఇంత చాలా అమ్మా?" అంది.

తిరుపతమ్మ ఆ బొమ్మను వెలుతురులో పెట్టి చూసింది.

"చాలదు. ఇంకొంచెం ముదురు రంగుండాలె."