గెడ్డ కొయ్యంగల పులుసు

కంపెనీ వాళ్లు మేలు చేస్తామంటూ వచ్చిన ప్రతిసారీ మొగపేటలో ఏదో ఒకటి చస్తుంది. మొదటిసారి పడమటి మడ అడవి చచ్చింది. ఓడల నుంచి ముడి చమురు దింపుకోవడానికి ఊరి పక్కన సముద్రంలో కలిసే గెడ్డ పొడుగునా గొట్టం వెయ్యాలని ఆ మడచెట్లన్నీ నరికారు. నరికినందుకు ఇంటికో నీలిరంగు ప్లాస్టిక్ బకెట్టు పంచారు. పోయిన ఏడాది వానల ముందు ఆ గొట్టం పగిలింది. నల్లటి తెట్టు సముద్రపు పోటుతో పాటు గెడ్డలోకి ఎక్కి, తూర్పు మడ వేళ్లకు పట్టుకుని అక్కడే కూర్చుంది. అప్పుడు రెండోసారి వచ్చారు. కూలీల చేత గోనెసంచులతో వేళ్లు తుడిపించారు. ఏదో సబ్బునీళ్లు కొట్టించారు. నూనె పైనుంచి బురదలోకి దిగి కంటికి కనబడకుండా పోగానే, 'పచ్చని తీరం మన బాధ్యత' అని బోర్డు పాతి దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు. బోర్డు పాతడానికి అడ్డమని రెండు మడమొక్కలు పీకారు కూడా. సిగ్గూ ఎగ్గూ లేని జన్మలు.

ఇప్పుడు మూడోసారి వస్తున్నారు. రెండో గొట్టం వెయ్యాలట. అందుకు తూర్పు మడ కొట్టాలట. ముందు గెడ్డ బాగుపడిందని ఒక నిపుణుడు కాగితం రాసివ్వాలి. ఆ కాగితం వస్తే మిషన్లు దిగుతాయి, రాకపోతే దిగవు. ఇంతే సంగతి, ఊరందరికీ తెలుసు.

మరిడమ్మకు అందరికంటే ఎక్కువ తెలుసు. ముప్పై ఏళ్లుగా పోటు తగ్గి పాటు తీసినప్పుడల్లా మోకాలి లోతు బురదలో తూర్పు మడలోకి దిగి, చేత్తో పీతలు పట్టి, వేళ్ల మధ్య చిన్నవల కట్టి బతికిన మనిషి. ఏడాదిగా ఆమె చేపల గంప ఎవరూ దింపించుకోవడం లేదు. ఆమదాలవలస దాకా వెళ్లినా అదే మాట. "గెడ్డ సేపా? వొద్దు తల్లీ, కిరసనాయిలు కంపు." అమ్ముడుపోని చేపలు ఇంటికి తెచ్చుకుని తామే తినేవాళ్లు. పారెయ్యడానికి చెయ్యి రాదు కదా. అయినా ఆమె ఆశ వదులుకోలేదు. ఈ మధ్యే తూర్పు మడలో పీతల బొరియలు మళ్లీ కనబడుతున్నాయి. బురద నుంచి కొత్త మొక్కలు తలెత్తుతున్నాయి. దాని జోలికి పోకుండా ఒగ్గేస్తే అదే బాగుపడుతుందని ఆమె నమ్మకం.

నిపుణుడు వచ్చే మీటింగు రేపనగా కంపెనీ జీపులో షీబా వచ్చింది. బొబ్బిలి వైపు పాస్టరుగారి అమ్మాయి, విజయనగరంలో ఎమ్మెస్సీ చదివింది. ఊళ్లో వాళ్లకు సర్దిచెప్పడమే కంపెనీలో ఆమె ఉద్యోగం. పిల్ల మంచిదే, జీతమే మంచిది కాదు. థర్మోకోల్ పెట్టె ఒకటి తెచ్చి మరిడమ్మ గుమ్మంలో పెట్టింది.

"పిన్నీ, రేపు హైదరాబాదు నుంచి నిపుణుడు గారు వస్తారు. అందరి ముందూ గెడ్డ చేప తిని బాగుందని చెప్తారు. కూర నువ్వే వండాలి. గంగమ్మ సంబరానికి నువ్వే కదా వండుతావు, నీ చేతి గురించి మా సార్లకి చెప్పాను."

"గెడ్డ సేప తింటాడేటే ఆ బాబు?"

షీబా పెట్టె మూత తీసింది. ఐసు ముక్కల మధ్య కొయ్యంగ చేపలు. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి.

"ఇయ్యి మన గెడ్డవి కావు," అంది మరిడమ్మ.

"విజయనగరం మార్కెట్టువి. ఎవరితోనూ అనకు పిన్నీ. నా ఉద్యోగం పోతాది."

"ఓలమ్మ! మీ యేసు ప్రభువు దీనికి ఒప్పుకున్నాడేటే?"

షీబా తల దించుకుని జీపెక్కి పోయింది. పాపం ఆ పిల్ల కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. కానీ పెట్టె మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"మనకెందుకొచ్చిన గొడవ, ఆళ్లిచ్చింది వండీసి ఊరుకో," అన్నాడు ఆమె మొగుడు గంగులు.

"నువ్వూరుకో మావా. తెల్లారీసరికి గెడ్డలో వలెయ్యి. నాను గెడ్డ సేపే వండుతాను. ఆ కంపు ఆడి నోట్లోకి ఎల్లాల. ఆ కెమెరాల ముందే తుపుక్కుమని ఊసాల. అప్పుడు రాయమను, గెడ్డ బాగున్నాదని!"

గంగులు చీకటితోనే వల భుజాన వేసుకున్నాడు. పొద్దున్నే డజను కొయ్యంగలు తెచ్చి పడేశాడు. ఐసు పెట్టె మూత పెట్టినది పెట్టినట్టే మూలన ఉంది.

మరిడమ్మ కత్తిపీట ముందు కూర్చుంది. చేతులు పనిలో ఉన్నాయి, బుర్ర మీటింగులో ఉంది. ఆ నిపుణుడి మొహం ఎలా మారుతుందో, ఆ కంపెనీ మేనేజరు ఎలా కంగారుపడతాడో తలుచుకుంటుంటే ఏడాదిలో మొదటిసారి కడుపు చల్లబడింది. చేతులు పొలుసు తీశాయి. బూడిద రాసి రుద్దాయి. పొట్ట చీల్చి లోపలి నల్లపొర గోటితో గీకి తీసేశాయి. గల్లుప్పు, పసుపు పట్టించి కడిగాయి. చింతపండు రసంలో నానబెట్టి, పుల్లమజ్జిగ పోసి పిసికి, బియ్యం కడుగు నీళ్లతో మళ్లీ కడిగాయి. తమ గంపలోని చేప తమకే సహించనప్పటి నుంచి ఈ ఇంట్లో రోజూ జరిగే పనే ఇది. ఎప్పుడు మొదలైందో, ఎన్ని నీళ్లు పోస్తుందో ఆమెకే లెక్క లేదు.

రుచి చూడలేదు. గంగమ్మకు పెట్టే కూర వండినామె ముందు ఎంగిలి చెయ్యదు. నలుగురి కోసం వండినప్పుడల్లా ఆమెకు అదే అలవాటు. వాసన చూసినా తెలిసేది కాదు, ఏడాదిగా ఆ కంపులో బతికి ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. మెంతులు వేయించి పొడి కొట్టి పైన జల్లి, కుండ నెత్తిన పెట్టుకుని మీటింగు టెంటుకు నడిచింది.

టెంటు కింద ఏసీ కారు మనుషులు కాగితం జేబురుమాళ్లతో చెమట తుడుచుకుంటున్నారు. ఒకడు గెడ్డ వైపు చూసి "ఏం బ్యూటీ అండీ!" అన్నాడు. నిపుణుడు తెల్లచొక్కా, సన్నటి మనిషి. ఆయన పళ్లెంలో తెల్లటి అన్నం మీద మరిడమ్మే స్వయంగా పెద్ద ముక్క వేసి, పులుసు పోసింది. పోసి కదలకుండా అక్కడే నిలబడింది.

ఆయన ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు.

కళ్లు మూసుకున్నాడు.

"అబ్బ," అన్నాడు. "ఇలాంటి పులుసు మా అమ్మమ్మ తర్వాత మళ్లీ ఇదే. ఇంకో ముక్క వెయ్యమ్మా."

మరిడమ్మ గరిటె కుండలోనే ఉంచేసింది. వెయ్యలేదు. పక్కనున్న మేనేజరే గరిటె లాక్కుని వేశాడు. ఆయన అదీ తిన్నాడు, వేళ్లు నాకాడు. అప్పుడు అర్థమైంది ఆమెకు తన చేతులేం చేశాయో. తన చేతుల మీద తనకే రోత పుట్టింది. ఉండబట్టలేక అరిచేసింది.

"బాబూ, అది గెడ్డ సేపే! నిజెం గెడ్డ సేప! మీరిచ్చిన ఐసు సేపలు నా ఇంట్లో పెట్టిలోనే ఉన్నాయి, కావాలంటే ఎల్లి సూసుకోండి!"

షీబా రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నిపుణుడి చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది, మొహంలో నెత్తురు దిగిపోయింది. గెడ్డ బురద పట్టుకెళ్లి పరీక్ష చేసింది ఆయనే. అందులో ఏముందో ఊరందరికంటే ఆయనకే బాగా తెలుసు.

మేనేజరు మాత్రం ఒక్క క్షణమే తడబడ్డాడు. మరుక్షణం చప్పట్లు మొదలుపెట్టాడు.

"విన్నారా! ఈ ఊరి తల్లి స్వయంగా చెప్తోంది. ఇది గెడ్డ చేప! సార్ మీ అందరి ముందూ తిన్నారు! ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

కుర్చీల్లో వాళ్లు చప్పట్లు కొట్టారు. వాళ్లను చూసి వెనక నిలబడ్డ ఊరివాళ్లు కూడా కొందరు కొట్టారు. గొర్రెల మంద బుద్ధి! కెమెరా నిపుణుడి మొహం దగ్గరకు వచ్చింది. ఆయన నోట్లో ఉన్న ముద్ద ఇంకా మింగలేదు. మింగాడు. నవ్వాడు. మైకు తీసుకుని, "గెడ్డ ఆరోగ్యంగా ఉంది. నేనే తిన్నాను," అన్నాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. అక్కడితో తూర్పు మడ అయిపోయింది. గొడ్డలి పెట్టినా ఇంత సులువుగా కూలదు.

మరిడమ్మను పట్టించుకున్నవాడు లేడు. ఆమె టెంటు వెనక్కి నడిచింది, ఎక్కడికో తెలియదు. మడచెట్ల దగ్గర చప్పుడు వినబడి ఆగింది.

నిపుణుడు ఒక చేత్తో చెట్టుకొమ్మ పట్టుకుని వంగి ఉన్నాడు. రెండో చేతి వేళ్లు గొంతులో దోపుకుని కక్కుతున్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తెల్ల అన్నం, ఎర్ర పులుసు, ఆయన బూట్ల మీద కూడా పడింది. సీసా నీళ్లు పుక్కిలించి ఊశాడు. తల తిప్పేసరికి ఆమె కనబడింది.

జేబురుమాలుతో మూతి తుడుచుకున్నాడు. "కూర నిజంగానే బాగుందమ్మా," అన్నాడు. గొంతు తగ్గించి, "ఇది ఎవరికీ చెప్పకు," అని కారు వైపు నడిచాడు.

ఆమె కారు వైపు చూసి కాండ్రించి ఉమ్మింది. ఆ కక్కు చూసి కాదు. కక్కిన తర్వాత కూడా ఆ సంతకం అలాగే ఉంటుందని.

టెంటులోంచి మైకు పిలిచింది. "పిల్లలందరూ వరసలో రండి! కంపెనీ తరఫున భోజనాలు! మరిడమ్మగారి పులుసు!"

మరిడమ్మ పరుగెత్తింది. పిల్లగుంటలు అప్పటికే పళ్లేలు పట్టుకుని నిలబడ్డారు. పక్కింటి దాలమ్మ మనవరాలు ముందు, వెనకాల తన మనవడు వెంకీ. మేనేజరు చేతిలో గరిటె. ఆమె ఎవరినీ అడగలేదు. కాలెత్తి కుండను తన్నింది. జీవితంలో ఒక్క మెతుకు కింద పడనివ్వని మనిషి. పులుసంతా ఇసుకలో పారింది, ముక్కలు దొర్లాయి. పిల్లలు ఘొల్లుమన్నారు.

"కూరని కాలితో తన్నుతావేటే, పిచ్చెక్కిందా?" గంగులు భుజం పట్టుకున్నాడు.

కెమెరా అప్పటికే సర్దేశారు. మరిడమ్మ భుజం విదిలించుకుని ఊరివాళ్ల వైపు తిరిగింది.

"తిన్న దొర ఆ సెట్ల ఎనకాల ఏలెట్టుకుని కక్కీసినాడు. ఎల్లి సూడండి, ఇంకా ఆరలేదు. మనమేరా... ఏడాదై కడుక్కుని కడుక్కుని తింటన్నాం. మన గుంటలకి పెడతన్నాం."