తేలిక తూటా

గాయపడి పారిపోయిన జంతువుని వెతికిపెట్టడం నా పని. ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ కొచేవ్యె అడవుల్లో ఎవరి గురి తప్పినా నేనూ నా కుక్కా వెళ్లి ఆ తప్పుని ముగించి వస్తున్నాం. విసుగొచ్చేసింది. మా కుక్క బ్రీనాకి పదకొండేళ్లు, నాకు యాభై తొమ్మిది. ఇద్దరికీ మోకాళ్లే బాధ.

అందుకే ఆ అక్టోబరు పొద్దున లుద్విక్ బావ ఫోన్ చేయగానే నాకు ముందు కోపం వచ్చింది, తర్వాత భయం వేసింది. నిన్న సాయంత్రం పెద్ద దుప్పిని కొట్టాడట. అది పడకుండా లోయలోకి దిగిపోయిందట. మా అక్క పావ్లా మొగుడు ఆయన, డెబ్బై మూడేళ్లవాడు. నిరుడు కూడా ఇలాగే రెండు జంతువులు గాయాలతో పారిపోయాయి. మూడోది కూడా ఆయన తప్పేనని తేలితే తుపాకీ అప్పగించాలని మా వేటగాళ్ల సంఘం మొహం మీదే చెప్పేసింది. తేల్చేది నేను రాసే కాగితమే. అందులో ఒక గడి ఉంటుంది: వాడిన తూటా ఏది?

బావతో వెళ్లి, దెబ్బ తగిలినప్పుడు దుప్పి నిలబడ్డ చోట నేల మీదికి వంగి చూశాను. పిడికెడు వెంట్రుకలు, నాలుగు ఎముక పెచ్చులు, చెంచాడు రక్తం.

"ఏ తూటా బావా?"

"ఏదేంటి? ఎప్పుడూ వాడేదే. బరువుది."

"బరువుదైతే ఇటు దూరి అటు తేలాలి. ఇక్కడ కోడిని కోసినంత రక్తం కూడా లేదే!"

"నువ్వు నాకు చెప్పేవాడివయ్యావురా! తూటా ఎటు పట్టుకోవాలో నేర్పిందెవడు నీకు?"

నేర్పింది ఆయనే, కాదనను. నాకు పదహారేళ్లప్పుడు రెండు జేబుల్లో రెండు తూటాలు వేసి, చూడకుండా తడిమి చెప్పమనేవాడు. సూదిమొనది తేలిక, చిన్న జింకకి. తగలగానే చితికిపోతుంది, ఆ చిన్న ఒంటికి అది చాలు. మొద్దుమొనది బరువు, దుప్పికీ అడవిపందికీ. ఎముకని విరుచుకుని ఊపిరితిత్తుల దాకా పోతుంది. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ పడేది. అలాంటి మనిషి అబద్ధమాడుతున్నాడని నాకు అక్కడే తెలిసిపోయింది.

నాలుగు గంటలు పట్టింది. బ్రీనా ముక్కు నేలకి ఆనించి లాగుతుంటే, పొడుగు తాడు పట్టుకుని నేను వెనకాల జారుతూ పోయాను. బావ ఎక్కడో పైన రొప్పుతున్నాడు. లోయ అడుగున వాగు పక్కన దుప్పి మూడు కాళ్ల మీద నిలబడి ఉంది. రాత్రంతా అలాగే ఉందేమో. పారిపోయే ఓపిక దానికీ లేదు. నేనే ఒక్క దెబ్బతో ముగించాను. బ్రీనా దాని పక్కనే కూలబడింది.

బావ వచ్చేలోపు దాని భుజం కోసి చూశాను. ఎముక పైనే సీసం ఆవగింజల్లా చెదిరిపోయి ఉంది. లోపలికి వెళ్లనేలేదు. అది చిన్న జింక తూటా.

ఆయన వచ్చి చూశాడు. మా వేటగాళ్ల పద్ధతి ప్రకారం, చచ్చిన జంతువుకి ఆఖరి ముద్దగా స్ప్రూస్ చెట్టు రెమ్మ ఒకటి దుప్పి నోట్లో పెట్టాను. ఇంకొకటి దాని రక్తంలో తాకించి, టోపీలో పెట్టుకోమని ఆయనకి అందించాను. కుడిచేత్తో తీసుకున్నాడు. ఆ చెయ్యి గుండెల దాకా లేచి ఆగిపోయింది.

"ఎన్నాళ్ల నించి ఈ భుజం నొప్పి?"

"ఏప్రిల్ నించి. మీ అక్కకి చెప్పకు."

నాకు పోట్లాడే ఓపిక లేదు. "చూడు బావా, బరువుదే అని రాసేస్తా. దుప్పి కదిలిందనీ, దెబ్బ పక్కకి పోయిందనీ రాస్తా. ఇంటికి పోదాం," అన్నాను. నిజంగానే రాసేవాణ్ని.

ఆయన వంగి, నేను కోసిన దుప్పి భుజం మీద ఎడమచెయ్యి వేశాడు.

"బరువుది పేలిస్తే భుజం ఊడిపోయినట్టు ఉంటుందిరా. రెండు రకాలూ తెచ్చాను. ఇది వచ్చి ఎదురుగా నిలబడితే రెండు జేబులూ తడుముకున్నా. తెలిసే తేలికది ఎక్కించా. దుప్పికి ఏది కావాలో చూడలేదు. నా భుజానికి ఏది హాయో చూసుకున్నా. ఉన్నదున్నట్టు రాయి."

జేబులోంచి ఐదు మొద్దుమొన తూటాలు తీసి నా అరచేతిలో పోశాడు. "ఇవి నీకు. తుపాకీ శనివారం నేనే ఇచ్చేసి వస్తా."

వెతికి పట్టిన జంతువైతే వేటగాడు రెమ్మని విరిచి సగం కుక్కకి ఇస్తాడు. బావ విరవలేదు. రెమ్మంతా బ్రీనా మెడపట్టీలో గుచ్చాడు. నాకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నానికి బండి దగ్గరికి చేరాం. కాగితం అక్కడే రాశాను, ఆయన రెండుసార్లు చదివి సంతకం చేశాడు. బ్రీనా బండిలోకి ఎగరలేక కింద నిలబడి మా మొహాలు చూస్తోంది. ఆయన ఎడమచెయ్యి, నా రెండు చేతులూ కలిపి దాన్ని ఎత్తి లోపల పడుకోబెట్టాం.

"మీ అక్కకి నేనే చెప్తాలే," అన్నాడు బావ తలుపు వేస్తూ.